అవార్డుకి ఆయన పేరు, ఆయన ఖాతాలో సున్నా: ఎన్ఎఫ్ఎల్ వారికి బహిరంగ లేఖ

ఎన్ఎఫ్ఎల్ రికార్డు పుస్తకం చూసుకునే పెద్దలకి,

నమస్కారమండి. ఉత్తరం తెలుగులో ఉంది కదా అని పక్కన పడేయకండి. మీ అమెరికన్ ఫుట్‌బాల్ చూసేవాళ్లలో మావాళ్లు బాగానే ఉన్నారు. ఆదివారం పొద్దున ఇండియా ఫోన్లన్నీ అయ్యాక, మధ్యాహ్నం పప్పన్నం తిని సోఫాలో కూలబడి, మొదట్లో ఏమీ అర్థంకాక "వీళ్లు ఆడేదానికన్నా ఆగేదే ఎక్కువ" అని వెక్కిరించి, నాలుగేళ్లు తిరిగేసరికి థర్డ్ డౌన్, అంటే మూడో ప్రయత్నం, వస్తే సోఫా అంచుకి జరిగి ఊపిరి బిగబట్టే రకం. నేనూ ఆ రకమే. ఆఫీసు మెయిల్స్ ఇంగ్లిష్‌లోనే రాస్తాను గానీ ఒళ్లు మండితే మాత్రం నాకు తెలుగే వస్తుంది. ఎవరిచేతైనా చదివించుకోండి.

సంగతేమిటంటే, 2013లో మీరు ఒక అవార్డు పెట్టారు. సీజన్‌లో అందరికన్నా ఎక్కువ శాక్‌లు చేసినవాడికి ఇచ్చేది. దానికి డీకన్ జోన్స్ పేరు పెట్టారు. ఆయన ఆ ఏడాది జూన్ 3న, 74 ఏళ్ల వయసులో పోయాడు. మొదటిసారి ఆ అవార్డు ఇండియానాపోలిస్ ఆటగాడు రాబర్ట్ మాథిస్‌కి, 19.5 శాక్‌లకి దక్కింది. బాగుంది, మంచి పని చేశారు, ఎవరూ కాదనరు. ఇప్పుడు అదే చేత్తో మీ రికార్డు పుస్తకం తెరిచి, ఆ డీకన్ జోన్స్ తన జీవితంలో ఎన్ని శాక్‌లు చేశాడో చూడండి.

ఏమీ లేదు కదా. ఒక్కటంటే ఒక్కటి కూడా లేదు.

ఈ ఆట తెలియనివాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి, వాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పి వస్తాను, కాస్త ఆగండి. క్వార్టర్‌బ్యాక్ అని ఒకాయన ఉంటాడు, బంతి ఆయన చేతికొస్తుంది, ముందుకి విసరాలి. ఆయన్ని కాపాడ్డానికి ముందు ఐదుగురు భారీ మనుషులు, లైన్‌మన్లంటారు, గోడలా నిలబడతారు. ఆ గోడని దాటి, విసిరేలోపే ఆయన్ని మట్టి కరిపిస్తే అది శాక్. మన చెడుగుడులో రైడర్ గీత దాటి వెనక్కి పారిపోయేలోపు కాలు దొరకబుచ్చుకుని పడేస్తామే, ఆ పట్టు లాంటిదనుకోండి. తేడా ఏమిటంటే ఇక్కడ రైడర్ చుట్టూ ఐదుగురు బాడీగార్డులుంటారు, పట్టేవాడికి రెండున్నర మూడు సెకన్లకి మించి టైముండదు. ఇద్దరు కలిసి పడేస్తే చెరో సగం రాస్తారు, అందుకే ఈ లెక్కల్లో అరలు కనపడతాయి. చెడుగుడు ఆడినవాడికి ఇంకేం చెప్పక్కర్లేదు. పట్టినవాడి పేరు ఊరంతా చెప్పుకుంటుంది.

మీ పుస్తకంలో మాత్రం 1982కి ముందు పట్టినవాళ్లెవరికీ పేరు లేదు. ఆటగాడి పేరు మీద శాక్‌లు లెక్కపెట్టడం ఆ ఏడాదే మొదలుపెట్టారు. ఆ ఏడాది సంగతి మీకు గుర్తుండే ఉంటుంది, ఆటగాళ్లు సమ్మె చేశారు, ఒక్కో జట్టు తొమ్మిదే మ్యాచ్‌లు ఆడింది. మినెసోటా ఆటగాడు డగ్ మార్టిన్ 11.5 శాక్‌లతో మొదటి అధికారిక విజేత అయ్యాడు. ఆయన్ని నేనేమీ అనను, పాపం ఆయన పని ఆయన చేశాడు. కానీ ఆ సగం సీజన్‌కి పుస్తకంలో చోటుంది, అంతకుముందు ఇరవై ఏళ్లకి లేదు.

డీకన్ జోన్స్ ఆడింది 1961 నుంచి 1974 దాకా. పద్నాలుగు సీజన్లు, మొత్తం 196 మ్యాచ్‌లకి ఆయన మిస్సయింది ఐదే.

ఆయన కథ మీకు చెప్పడం హనుమంతుడి ముందు కుప్పిగంతులే, కానీ మీ అవార్డు పేజీలో ఆయన గురించి రాసిన నాలుగు లైన్లలో ఇవన్నీ పట్టవు కాబట్టి చెప్తాను. అసలు పేరు డేవిడ్. ఫ్లోరిడాలో ఈటన్‌విల్ అనే చిన్న ఊళ్లో 1938 డిసెంబరు 9న పుట్టాడు. నల్లజాతివాళ్లు తమకోసం తాము కట్టుకుని, మునిసిపాలిటీ చేసుకున్న తొలి ఊళ్లలో అదొకటి. పద్నాలుగేళ్ల వయసులో చూసిన ఒక సంఘటన గురించి ఆయన తర్వాత చెప్పుకున్నాడు: చర్చి నుంచి వస్తున్న ఒక నల్లజాతి ముసలావిడ మీదకి తెల్ల కుర్రాళ్లు నవ్వుకుంటూ పుచ్చకాయ విసిరారు. ఆ దెబ్బకి ఆవిడ కొద్దిరోజుల్లో చనిపోయింది. ఆ కోపం ఎటు పోవాలో తెలియక తనలోనే ఉండిపోయిందనీ, ఫుట్‌బాల్ దానికి దారి చూపించిందనీ అర్థం వచ్చేలా మాట్లాడేవాడు.

సౌత్ కరొలైనా స్టేట్ కాలేజీలో చేరితే, పౌరహక్కుల నిరసనలో పాల్గొన్నాడని స్కాలర్‌షిప్ పీకేశారు. అక్కణ్ణుంచి మిసిసిపీ వొకేషనల్‌కి వెళ్లాడు. వేరే ఊళ్లో మ్యాచ్ ఉంటే హోటళ్లలో గదులివ్వరు, అవతలి కాలేజీ జిమ్‌లో మడత మంచాలేసుకుని పడుకునేవాళ్లు. అలాంటి చోట ఆడేవాణ్ణి ఎవరు చూస్తారు? లాస్ ఏంజెలస్ రామ్స్ వాళ్లు కూడా ఆయన్ని చూడ్డానికి రాలేదు. ఇంకెవరో రన్నింగ్ బ్యాక్ ఎలా ఆడతాడో ఫిల్ములో చూస్తుంటే, బంతి పట్టుకుని పరిగెత్తేవాణ్ణి వెనకనుంచి తరిమి పట్టుకుంటున్న ఈ ఏనుగులాంటి మనిషి కంటపడ్డాడు. 1961 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే చోట, పద్నాలుగో రౌండ్‌లో, 186వ పేరుగా తీసుకున్నారు. ఇప్పుడు మీ డ్రాఫ్ట్ ఏడు రౌండ్లే. అంటే ఈ రోజుల్లో పద్నాలుగో రౌండనేదే లేదు.

టెలిఫోన్ డైరెక్టరీలో డేవిడ్ జోన్స్‌లు కోకొల్లలు, నన్నెవడు గుర్తుపెట్టుకుంటాడని ఆయనే తనకి డీకన్ అని పేరు పెట్టుకున్నాడు. ఈ ముక్క నాకు భలే ఇష్టం. పేరు నిలబడాలన్న పట్టుదల అంత ఉన్న మనిషి ఆయన.

ఇంకో పేరు కూడా ఆయనే పెట్టాడు. అదే ఈ ఉత్తరానికి అసలు కారణం. క్వార్టర్‌బ్యాక్‌ని పడేయడాన్ని ఆ రోజుల్లో రకరకాలుగా అనేవాళ్లు, ఒక స్థిరమైన మాటంటూ లేదు. దానికి శాక్ అన్న పేరు వ్యాప్తిలోకి తెచ్చినవాడిగా ఆయన్నే చెప్తారు. ఎందుకా మాట అంటే ఆయన రెండు రకాలుగా వివరించేవాడు. ఒకటి, సైన్యం ఊరి మీద పడి కొల్లగొట్టడాన్ని ఇంగ్లిష్‌లో శాక్ అంటారట, అలాంటిది ఇది. రెండోది నాకింకా నచ్చింది: అవతలి లైన్‌మన్లందర్నీ గోనె సంచిలో కుక్కి, మూతి కట్టి, బేస్‌బాల్ బ్యాట్‌తో వాయించడమట. పాఠకులారా, గోనె సంచిని ఇంగ్లిష్‌లో శాక్ అంటారని గుర్తుచేసుకుని నవ్వుకోండి. నేనైతే ధాన్యం బస్తాలు దులిపే సీను ఊహించుకున్నాను.

అంటే ఈయన పని చేశాడు, పనికి పేరూ తనే పెట్టాడు, ఆ పేరుతోనే మీరు 1982లో గడి గీశారు, 2013లో ఆ గడి మీద ఆయన బొమ్మ తగిలించారు. గడిలో మాత్రం ఆయన అంకె రాయలేదు!

మీ పుస్తకంలో ఆయన పేరున ఒక పాయింటు ఉంది, తెలుసా మీకు? 1974లో కెరీర్ చివరి సీజన్ వాషింగ్టన్‌కి ఆడాడు. ఆఖరి లీగ్ మ్యాచ్‌లో, సరదాకి, టచ్‌డౌన్ తర్వాత తన్నే ఎక్స్‌ట్రా పాయింట్ కిక్ ఆయన్ని తన్నమన్నారు. తన్నాడు, పోయింది లోపలికి. అది రికార్డయింది. పద్నాలుగేళ్లు క్వార్టర్‌బ్యాక్‌ల వెంటపడ్డ మనిషి ఒకే ఒక్కసారి ఊరికే కాలు విదిలిస్తే అది మీ లెక్కలో భద్రంగా ఉంది, ఏ పనికి భయపడి ప్రత్యర్థి కోచ్‌లు ఇద్దరేసి మనుషుల్ని కాపలా పెట్టుకున్నారో ఆ పని లేదు. మీకు నవ్వు రావట్లేదా? నాకైతే మొదట నవ్వొచ్చింది, తర్వాత రాలేదు.

ఎందుకు రాలేదో చెప్తాను, కొంచెం సొంత గోల, ఓపిక పట్టండి.

మా నాన్న ఒక ప్రభుత్వ ఆఫీసులో ఎన్ఎంఆర్‌గా చేరాడు. అంటే మస్టర్ రోల్ మీద సంతకం పెట్టి, రోజు కూలీ తీసుకుని, పర్మినెంటు ఉద్యోగి చేసే పనే చేయడం. అలా పదకొండేళ్లు. తర్వాత రెగ్యులరైజ్ చేశారు, ఇంట్లో ఆ రోజు పాయసం కూడా చేసుకున్నాం. ఆయన రిటైరయ్యేటప్పుడు పెన్షన్ కాగితాలు కట్టే గుమాస్తా సర్వీసు రిజిస్టర్ మొదటి పేజీ తిప్పి, "మీ సర్వీసు ఇక్కణ్ణుంచండీ" అని రెగ్యులరైజ్ అయిన తేదీ మీద వేలు పెట్టాడు. నాన్న ఆ ముందు పదకొండేళ్ల సంగతేంటన్నాడు. ఆ గుమాస్తా చెడ్డవాడు కాదు, చాలా మర్యాదగానే చెప్పాడు: "అవి మాకు కనపడవు సార్." మర్నాడు నాన్న ట్రంకుపెట్టెలోంచి మస్టర్ కాగితాల నకళ్లు తీసుకెళ్లాడు, అంచులు పచ్చబడి, మడతల దగ్గర చిరిగి, ఒక్కో నెలకి ఒక్కో కాగితం, ఎర్ర సిరా టిక్కులు. గుమాస్తా వాటిని తిరగేసి, సర్దిపెట్టి, మళ్లీ నాన్న చేతిలోనే పెట్టాడు. కాగితాలు ఉన్నాయి, సంతకాలు ఉన్నాయి, ఆయన వేయించిన రోడ్డు కూడా అక్కడే ఉంది, దాని మీదే బస్సెక్కి ఆ ఆఫీసుకి వెళ్లాం. అయినా కనపడలేదు.

మీరూ అదే మాట అంటున్నారు కాబట్టి నాకు ఒళ్లు మండింది. అప్పటి లెక్కలు మా దగ్గర అధికారికంగా లేవు అంటారు. సరే, కానీ కాగితాలు లేవా? ప్రతి మ్యాచ్‌కీ ప్లే-బై-ప్లే షీట్లున్నాయి, ఏ డౌన్‌లో ఏం జరిగిందో టైపు కొట్టినవి. జట్ల దగ్గర కోచ్‌లు చూసుకున్న ఫిల్ములున్నాయి. జాన్ టర్నీ, నిక్ వెబ్‌స్టర్ అనే ఇద్దరు పరిశోధకులు దశాబ్దాల తరబడి ఆ షీట్లూ ఫిల్ములూ వెతికి, ఒక్కొక్క ఆట తిరగేసి, ఎవరు పడేశారో రాసుకుంటూ పోయారు. ఆ లెక్కని 2021 జులైలో ప్రో ఫుట్‌బాల్ రిఫరెన్స్ వాళ్లు 1960 దాకా వెనక్కెళ్లి తమ సైట్‌లో పెట్టేశారు, ఇది అనధికారికం అన్న మాటతో సహా. ఆ లెక్కలో డీకన్ జోన్స్‌కి 173.5. ఆయన కన్నా పైన ఉన్నది ఇద్దరే, బ్రూస్ స్మిత్ 200, రెజీ వైట్ 198.

ఇక్కడ మీకొచ్చే అనుమానం నాకు తెలుసు. అభిమానంతో తమకిష్టమైనవాడికి నాలుగు ఎక్కువ రాసుకోరా అని. రాసుకోలేదండి, అదే ఇందులో గమ్మత్తు. ఏళ్ల తరబడి అందరూ చెప్పుకున్న మాట, 1967లో డీకన్ 26 శాక్‌లు చేశాడు, 1968లో 24 చేశాడు అని. కొన్ని పాత వ్యాసాల్లో ఇప్పటికీ ఆ అంకెలే ఉంటాయి. వీళ్లు కూర్చుని ఆట ఆటా చూస్తే 1967కి 21.5, 1968కి 22 తేలాయి. ఉన్నది ఉన్నట్టు తగ్గించేశారు. పొగడాలనుకున్నవాడు 26ని 21.5 చేస్తాడా? అదే సమయంలో ఎవరూ పెద్దగా పట్టించుకోని 1964కి 22 తేలింది. మూడు సీజన్లలో 20 దాటాడు, అదీ సీజన్‌కి 14 మ్యాచ్‌లే ఉన్న రోజుల్లో, అందరూ ఇప్పటిలా మాటిమాటికీ బంతి విసరకుండా ఎక్కువగా పరిగెత్తిన రోజుల్లో.

ఇంకో సంగతి, ఇది మీ పుస్తకంలోదే. జట్టు మొత్తం కలిపి చేసిన శాక్‌ల లెక్క మీ దగ్గర 1963 నుంచి ఉంది. 1966 నవంబరులో పిట్స్‌బర్గ్ మీద డల్లాస్ ఒకే మ్యాచ్‌లో 12 శాక్‌లు చేసిందని రికార్డుల్లో రాసుకున్నారు. అంటే పన్నెండుసార్లు క్వార్టర్‌బ్యాక్ పడ్డాడు, నష్టమైన గజాలతో సహా మీకు తెలుసు, పడేసిందెవరో మాత్రం తెలియదు. దయ్యాలు పడేశాయా? మా క్రికెట్ భాషలో చెప్పాలంటే, జట్టు ఆలౌట్ అని స్కోరు పుస్తకంలో రాసి, బౌలర్ల పేర్లున్న పేజీ చించేసినట్టుంది.

ఆ పాత ఫిల్ము ముక్కలు కొన్ని నేనూ చూశాను. నలుపూ తెలుపూ, గీతలు పడి, కెమెరా ఎక్కడో పైన. డీకన్ ఎడమ చివర నిలబడతాడు, ఆరడుగుల ఐదంగుళాలు, చెయ్యి నేల మీద. బంతి కదిలీ కదలగానే కుడిచెయ్యి లేస్తుంది, ఎదుటివాడి హెల్మెట్ మీద చెవి దగ్గర ఒక్క దెబ్బ. చెంపదెబ్బ తగిలితే ఎవడైనా ఏం చేస్తాడు, కళ్లు మూసుకుంటాడు. ఆ రెప్పపాటు చాలు, అతను పక్కనుంచి వెళ్లిపోయుంటాడు. నేను ఒకే క్లిప్‌ని ఏడెనిమిదిసార్లు వెనక్కి తిప్పి చూసి కూడా అడుగు ఎక్కడ వేశాడో పట్టుకోలేకపోయాను, ఈ కొస నుంచి ఆ కొసకి వచ్చేశాడంతే. హెడ్ స్లాప్ అనేవాళ్లు దాన్ని. కనిపెట్టింది నేను కాదుగానీ దానికి మెరుగులు దిద్దింది నేనే అని చెప్పుకునేవాడు. 1977లో మీరు నిషేధించారు, మంచిపనే చేశారు. తలకి తగిలే దెబ్బలు ముసలితనంలో ఆటగాళ్లని ఏం చేస్తాయో ఇప్పుడు అందరికీ తెలుసు కాబట్టి నేను ఆ దెబ్బని వెనకేసుకు రావట్లేదు. అప్పటికి అది నిబంధనల్లో ఉంది, అంతవరకే. కాకపోతే ఒక్క మాట, మీరొక మనిషి వల్ల నిబంధన మార్చాల్సొచ్చిందంటేనే ఆయన ఏం చేశాడో మీకు కనపడిందన్నమాట. అప్పుడు కనపడింది మరి!

ఆయన పక్కన ఉన్నవాళ్లూ తక్కువవాళ్లు కాదు. మెర్లిన్ ఓల్సెన్, రోజీ గ్రియర్, లమార్ లండీ. నలుగుర్నీ కలిపి ఫియర్‌సమ్ ఫోర్‌సమ్ అన్నారు. 1968లో రాబర్ట్ కెనెడీని ఎవరో కాల్చినప్పుడు గ్రియర్ అక్కడే ఉండి, కాల్చినవాడి చేతిలోంచి తుపాకీ లాక్కున్నవాళ్లలో ఒకడు. ఆయన జీవితంలో ఆ క్షణం చరిత్రకెక్కింది గానీ ఆయన పట్టిన క్వార్టర్‌బ్యాక్‌లు ఎక్కలేదు. రామ్స్ ఆ ఏళ్లలో ఎంత బాగా ఆడినా కప్పు మాత్రం రాలేదు, 1967లో 11 గెలిచి, ఒక్కటే ఓడి, రెండు టై చేసుకుని, ప్లేఆఫ్‌లో గ్రీన్ బే చేతిలో 28-7తో పోయారు. డీకన్ వేలికి చాంపియన్ ఉంగరం ఎప్పటికీ రాలేదు. ఆయన మిగుల్చుకున్నది శాక్‌లే.

ఇదంతా ఒక్క డీకన్ గోలే అనుకోకండి. అలన్ పేజ్ ఉన్నాడు, మినెసోటా. 1971లో లీగ్ మొత్తానికి ఎంవీపీ, అంటే అత్యుత్తమ ఆటగాడు, అయ్యాడు, డిఫెన్స్ ఆటగాడికి అది రావడం అదే మొదటిసారి. ఆడుతూనే లా చదివి లాయరై, తర్వాత మినెసోటా సుప్రీం కోర్టులో 1993 నుంచి 2015 దాకా జడ్జిగా కూర్చున్నాడు. ఆయన ఆట 1981తో అయిపోయింది కాబట్టి మీ లెక్కలో ఆయన శాక్‌లు సున్నా. ఒక జడ్జిగారి ముందు ఈ కేసు పెట్టి చూడాలి మీరు. జాక్ యంగ్‌బ్లడ్, రామ్స్‌లో డీకన్ తర్వాత ఆ చోటుకి వచ్చినవాడు, 1979 ప్లేఆఫ్‌లలో కాలి ఎముక విరిగినా కట్టు కట్టుకుని సూపర్ బౌల్ దాకా ఆడాడు. ఆయన 1984 దాకా ఆడాడు గనక చివరి మూడేళ్లవి 24 మీ పుస్తకంలో ఉన్నాయి, అసలైన వయసులో చేసినవి లేవు. చివరికి లారెన్స్ టేలర్‌ని కూడా వదల్లేదు మీరు. 1981లో కొత్త కుర్రాడిగా వచ్చి లీగ్‌ని గడగడలాడించిన మొదటి ఏడాది 9.5 శాక్‌లు ఆయన అధికారిక 132.5లో కలవవు. ఆయన ఆట టీవీల్లో దేశమంతా చూసింది!

మరి లెక్కలోకి వచ్చినవి ఎలా ఉన్నాయో చూద్దాం. 2001 సీజన్ చివరి మ్యాచ్‌లో న్యూయార్క్ జెయింట్స్ ఆటగాడు మైకేల్ స్ట్రేహాన్‌కి రికార్డు బద్దలవడానికి ఒక్కటి కావాలి. గ్రీన్ బే క్వార్టర్‌బ్యాక్ బ్రెట్ ఫార్వ్ పక్కకి వచ్చి తనంతట తనే అతని ముందు జారి పడుకున్నాడు, స్ట్రేహాన్ వెళ్లి చెయ్యి వేశాడు. 22.5, కొత్త రికార్డు. అది కావాలని చేసిందా కాదా అని ఇరవై ఏళ్లకి పైగా జనం కొట్టుకుంటూనే ఉన్నారు. స్ట్రేహాన్ గొప్ప ఆటగాడు, మిగిలిన 22కి ఎవడూ వంక పెట్టలేడు. కానీ ఆ ఒక్కటీ అధికారికమై, చెంపదెబ్బ తగిలి లైన్‌మన్ కళ్లు తెరిచేలోపు డీకన్ పడేసినవి అనధికారికమవడం ఏ న్యాయమండీ?

2021లో పిట్స్‌బర్గ్ కుర్రాడు టీజే వాట్ 22.5తో సమం చేశాడు. తర్వాత 2025 సీజన్‌లో క్లీవ్‌లాండ్ ఆటగాడు మైల్స్ గారెట్ చివరి మ్యాచ్‌లో సిన్సినాటి క్వార్టర్‌బ్యాక్ జో బరోని పడేసి 23కి చేరాడు. నేనూ లేచి చప్పట్లు కొట్టాను, ఎందుకు కొట్టను, ఆ ఏడాది ఆ జట్టులో చూడ్డానికి ఉన్నది ఆయనొక్కడే. కొత్త రికార్డు అన్నారు. కానీ 1978లో డెట్రాయిట్‌లో బబ్బా బేకర్ అని ఒకాయన, మొదటి సీజనే, 16 మ్యాచ్‌ల్లో 23 చేశాడని ఇందాక చెప్పిన లెక్క అంటోంది. గారెట్‌కి 17 మ్యాచ్‌లు. కాబట్టి మీరు పండగ చేసుకున్న రోజు నిజానికి సమం అయిన రోజేమో. ఇందులో గారెట్ తప్పేముంది? ఆయన పరిగెత్తిన పరుగు పందెంలో గీత ఎక్కడుందో చెప్పాల్సినవాళ్లు మీరు.

మిగతా ఆటలు ఏం చేశాయో కూడా చూడండి. బేస్‌బాల్‌లో సేవ్ అనే లెక్క అధికారికమైంది 1969లో, పాతవాళ్లకి కూడా వెనక్కెళ్లి లెక్కకట్టారు. అంతకన్నా పెద్ద పని 2024లో చేశారు. వర్ణవివక్ష రోజుల్లో నల్లజాతి ఆటగాళ్లు విడిగా ఆడుకున్న నీగ్రో లీగ్స్ అంకెల్ని తమ రికార్డుల్లో కలిపేశారు. ఎప్పుడో పోయిన జాష్ గిబ్సన్ .372 సగటుతో ఒక్క రోజులో టై కాబ్ అనే దిగ్గజాన్ని దాటి పైకి వెళ్లాడు. ఆకాశమేం విరిగి పడలేదు. బాస్కెట్‌బాల్ వాళ్లు మాత్రం మీలాగే, బ్లాక్‌లు 1973-74 నుంచే లెక్కపెట్టారు, బిల్ రసెల్‌కీ విల్ట్ చాంబర్‌లెయిన్‌కీ ఏమీ లేవు. మీకు అది ఆసరాగా కనపడొచ్చు. కానీ ఇద్దరు మనుషులు మీ ఆటకి చేసినట్టు ఆ ఆటకి ఎవరూ మొత్తం లెక్క తేల్చి చేతిలో పెట్టలేదు కదా. మీకు వడ్డించిన విస్తరి ముందుంది, చెయ్యి కడుక్కుని కూర్చోవడమే తరువాయి.

అన్నీ తేలాయని నేననను. మొదటి ఏళ్లలో కొన్ని మ్యాచ్‌ల కాగితాలు సరిగా లేవు, కొన్నిచోట్ల ఒకటీ అరా అటూ ఇటూ కావచ్చు. అది నాకూ తెలుసు, ఆ పరిశోధకులకీ తెలుసు. అయితే ఒకటీ అరా తేడా వస్తుందని 173ని సున్నా చేస్తారా? బియ్యంలో రెండు రాళ్లున్నాయని బస్తా పారబోసేవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

అందుకని నేనడిగేది పెద్ద కోరికేం కాదు. గారెట్ రికార్డు తీసేయమనట్లేదు, డగ్ మార్టిన్‌ని కదపమనట్లేదు. ఆ ఇద్దరు పరిశోధకుల లెక్కని మీ మనుషుల్ని పెట్టి సరిచూసుకోండి, ఒక సీజనో రెండు సీజన్లో ముందు తీసుకోండి, 1967తో మొదలుపెట్టండి, తప్పులుంటే దిద్దండి. తేలినవి పుస్తకంలో ఎక్కించండి. మరీ భయంగా ఉంటే పక్కన ఒక చుక్క పెట్టుకుని, 1982కి ముందువి అని కింద రాసుకోండి. చుక్కకి నాకేం అభ్యంతరం లేదు. మా నాన్న కూడా చుక్క పెట్టి రాసినా ఒప్పుకునేవాడు.

డీకన్‌ని మీరు తక్కువ చూశారని అనలేను. 1980లో, అర్హత వచ్చిన మొదటి ఏడాదే హాల్ ఆఫ్ ఫేమ్‌కి తీసుకున్నారు. మేటి ఆటగాళ్లని ఏరి ఆడించే ప్రో బౌల్‌కి ఎనిమిదిసార్లు ఎంపికయ్యాడు. ఆయన్ని జనం డిఫెన్స్ సెక్రటరీ అన్నారు, మన భాషలో రక్షణ మంత్రి. రామ్స్ వాళ్లు 2009లో 75 నెంబరు జెర్సీ ఇంకెవరూ వేసుకోకుండా పక్కన పెట్టేశారు. విగ్రహాలకీ దండలకీ మీ దగ్గర ఎప్పుడూ లోటు లేదు. ఆయన తన ఆట రోజుల్లో ఒక బ్యాండ్‌తో పాటలు కూడా పాడేవాడు, ఆ బ్యాండే తర్వాత వార్ అనే పేరుతో పెద్దదైంది, అదికూడా ఎక్కడో ఒకచోట రాసి పెట్టే ఉంటుంది. అన్నీ రాశారు.

వచ్చే సీజన్ అయ్యాక మళ్లీ ఎవరికో ఒకరికి డీకన్ జోన్స్ అవార్డు ఇస్తారు, టీవీలో ఆయన పాత బొమ్మ రెండు సెకన్లు చూపిస్తారు. ఆలోపు ఆ గడిలో 173.5 అని రాయండి. ఆ సగాన్ని మాత్రం కొట్టేయకండి. అది ఇంకొకడితో కలిసి పట్టింది, అవతలి సగం ఓల్సెన్‌దో గ్రియర్‌దో లండీదో అయ్యుంటుంది, వాళ్ల ఖాతాలూ ఖాళీగానే ఉన్నాయి.

ఇట్లు,
ఆదివారం ప్రేక్షకుడు ఒకడు